పెళ్లి క్యాసెట్ల అంచుల్లో మనుషులు: ‘లైటు’ లఘుచిత్రం ఎలా తయారైంది

‘లైటు’ నిడివి 11 నిమిషాలు. బొమ్మంతా 1990లలో బెజవాడలో జరిగిన పెళ్లిళ్ల వీడియో క్యాసెట్లలోంచి తీసుకున్నదే. మాటంతా ఒకే గొంతు: రాజరాజేశ్వరిపేటలో పెరిగిన ఒక కవయిత్రి తన కవితను తానే చదివింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇందులో చాలా తక్కువసేపే కనపడతారు. వీడియో తీసేవాడి పక్కన సన్‌గన్ (వీడియోకి వాడే పెద్ద లైటు) పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, వెనకాల వైరు లాగేవాడు, గాడిపొయ్యి దగ్గర వంటమేస్త్రి, బంతి లేచాక విస్తళ్లు ఎత్తేవాళ్లు, అంట్లు తోమే ఆడవాళ్లు కనపడతారు. దర్శకత్వం, ఎడిటింగ్ నావి.

ఎవరో ఎప్పుడో తీసిన పాత ఫుటేజ్‌తో సినిమా చేయాలనుకునే కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడారని. నేను డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడాను, ఇంకేదైనా సరిపోయేది. ఈ సినిమాలో తేల్చుకోవాల్సినవి వేరే రెండు ఉన్నాయి: ఫ్రేములో ఎక్కడ చూడాలి, అలా చూసే హక్కు మాకు ఎవరివ్వాలి. ఎక్కువ కాలం వాటికే పట్టింది.

బురదలోంచి బొమ్మ దాకా

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. నీళ్లు తీశాక ప్రతి వీధిలో పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటి మధ్య పెళ్లి క్యాసెట్లు కూడా ఉన్నాయి. వీసీఆర్ పాడైపోయి ఏళ్లయినా క్యాసెట్లను మాత్రం జనం దాచుకుంటూ వచ్చారు. బీరువా కింది అరలో పెట్టారు కాబట్టి అవే ముందు మునిగాయి.

కవయిత్రి వాళ్ల అన్నయ్య కుర్రతనంలో పెళ్లిళ్లకు లైట్ బాయ్‌గా వెళ్లేవాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ఆ కుప్పలు చూసి ఆమె ఫోన్ చేసింది. “వీటిల్లో ఎక్కడో మా అన్నయ్య ఉండే ఉంటాడు. మున్సిపాలిటీ బండి రాకముందే తీసుకుందాం” అంది. ఆ ఇళ్లవాళ్లను అడిగి, ఎవరిది ఏ క్యాసెట్టో అట్ట మీద రాసుకుని తెచ్చుకున్నాం.

తడిసిన క్యాసెట్ చేతికొస్తే జనం చేసే మొదటి పని ఎండలో పెట్టడం. అదే దాన్ని చంపుతుంది. వేడికి టేపు వంకరపోతుంది. లోపలి బురద ఎండి సన్నటి ఇసుకలా మారి, ప్లే చేసినప్పుడు టేపునీ, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌నీ కలిపి గీకేస్తుంది. మేం వాటిని తడిగానే ఉంచాం. వీహెచ్ఎస్ క్యాసెట్ వెనక ఐదు స్క్రూలుంటాయి. విప్పితే రెండు చక్రాలు, సన్నటి స్ప్రింగులు, అర అంగుళం వెడల్పు టేపు. చక్రాలను టేపుతో సహా డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడలో, ఫ్యాన్‌కి కాస్త దూరంగా ఆరబెట్టాం. బాగా ఆరాక కొత్త ఖాళీ క్యాసెట్ పెంకులోకి మార్చి, చేత్తో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టాం. మూడు గంటల క్యాసెట్‌లో 250 మీటర్లకు పైగా టేపు ఉంటుంది, కాబట్టి ఓపిక కావాలి. బూజు పట్టినవాటికి మాస్కు తప్పనిసరి.

ప్రపంచంలో చివరిగా వీసీఆర్‌లు తయారుచేస్తున్న జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. అందుకే రెండు పాత వీసీఆర్‌లు పెట్టుకున్నాం. బురద చూసిన టేపు ముందు నాసిరకం దాంట్లో తిరుగుతుంది, అక్కడ శుభ్రంగా నడిస్తేనే మంచి దాంట్లోకి వెళుతుంది. క్యాసెట్ మారినప్పుడల్లా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడవాలి. అడ్డంగానే తుడవాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ కొన విరుగుతుంది.

క్యాప్చర్‌లో, అంటే టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో, రెండు సంగతులు మా సినిమా రూపాన్నే మార్చాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు అంటాం గానీ నిజానికి 50 అర ఫ్రేములుంటాయి. చాలామంది క్యాప్చర్ చేసేటప్పుడే వాటిని 25కి కుదించేస్తారు, సగం కదలిక అక్కడే పోతుంది. మేం 50నీ విడదీసి ఉంచుకున్నాం. దాంతో ఫ్రేములు పుట్టించాల్సిన అవసరం లేకుండా షాట్‌ను సగం వేగానికి తగ్గించగలిగాం. తలంబ్రాల బియ్యం గాల్లో ఉన్నంతసేపూ వెనకున్న మనిషి ముఖం చూడగలిగేది అందువల్లే. ఫైళ్లను ఎఫ్ఎఫ్‌వీ1లో, అంటే నాణ్యత ఏమీ పోని పద్ధతిలో దాచాం. అసలు కుదించకుండా దాస్తే గంటకు సుమారు 75 జీబీ పడుతుంది, ఇందులో అంత కాదు.

రెండో సంగతి, బాగా దెబ్బతిన్న భాగాలు. సిగ్నల్ తడబడితే క్యాప్చర్ కార్డు చేతులెత్తేసి నీలం తెర చూపిస్తుంది. పాత గాజు టీవీ అలా కాదు. బొమ్మ వంగినా, పొరలు పొరలుగా చీలినా చూపిస్తూనే ఉంటుంది. అందుకని ఆ భాగాలను పాత టీవీలో ప్లే చేసి, గదంతా చీకటి చేసి, కెమెరా షటర్ 1/50 సెకనులో పెట్టి తెర మీద నుంచి తీశాం. సినిమాలో మా కెమెరా పనిచేసింది అక్కడ మాత్రమే. బుడమేరు నీళ్లు టేపు మీద వదిలిన గీతలు ఆ షాట్లలో ఉన్నాయి. వాటిని తుడిచేయమని చెప్పినవాళ్లున్నారు. ఈ క్యాసెట్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో అవే చెబుతున్నాయి, వాటిని తీసే ఉద్దేశం నాకు ఏనాడూ లేదు.

టీవీ దాచిన అంచు

గాజు టీవీలు బొమ్మ మొత్తాన్ని చూపించేవి కావు. నాలుగు వైపులా కొంత భాగం తెర చట్రం వెనక్కి పోయేది. క్యాప్చర్ చేస్తే మాత్రం ఫ్రేము చివరి దాకా వస్తుంది. అంటే ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లోవాళ్లు తమ పెళ్లి క్యాసెట్‌లో ఎన్నడూ చూడని కాస్త బొమ్మ మాకు కనపడింది. ఆ కాస్తలోనే మనుషులున్నారు. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో ఎడమ అంచున ఒక మోచెయ్యి, చుట్టూ తువ్వాలు, అందులో లైటు పిడి. అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తుంటే కుడి చివర ఒక కుర్రాడు వైరు చుట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

అది చూశాక సినిమా దేని గురించో మాకు తెలిసిపోయింది. అప్పటిదాకా కవయిత్రి వరద మీద రాయాలనుకుంది. ఆ రాత్రే దాన్ని పక్కన పెట్టేసింది.

అక్కడి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఫ్రేమును కోయకూడదు. 4:3 బొమ్మను ఇవాళ్టి వెడల్పు తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కోసేస్తుంటారు, మా సినిమాలో అలా కోస్తే ఆ అంచుల్లోని మా మనుషులే పోతారు. జూమ్ చేయకూడదు. వీహెచ్ఎస్‌లో వివరం దాదాపు 240 గీతల మేరకే, దగ్గరికి లాగితే ముఖం మచ్చలుగా విడిపోతుంది. ఏఐతో స్పష్టత పెంచడం అసలే వద్దు. అది లేని కళ్లూ ముక్కూ కల్పించి అతికిస్తుంది. మనం వెతుకుతున్నది ఫలానా మనిషిని. ఆ మనిషి స్థానంలో ఎవరిదీ కాని ముఖం పెట్టి, ఇదిగో నువ్వే అని చూపించడం నాకు చాలా తప్పనిపించింది.

మరి అంచువైపు చూపు ఎలా మళ్లించాలి? మధ్య భాగాన్ని మెల్లగా చీకటి చేశాం. మొదటి షాట్లలో పెళ్లి పీటలు మామూలుగానే కనపడతాయి. పోనుపోను వెలుతురు మధ్యలోంచి తగ్గుతూ వస్తుంది, చివరి మూడు నిమిషాల్లో అంచులు మాత్రమే మిగులుతాయి. ఇది రిజాల్వ్‌లో ఒక మామూలు మాస్క్, అంటే ఫ్రేములో ఎంచుకున్న భాగం మీదే పనిచేసే ముసుగు. తగ్గే వేగాన్ని కుదర్చడమే కష్టం. తొందరగా తగ్గితే చూసేవాళ్లకు అది జిమ్మిక్కుగా తెలిసిపోతుంది.

గట్టిమేళం ఆగాక

పెళ్లి వీడియోలు రెండు రకాలు. ఇంటికిచ్చేది మిక్సింగ్ క్యాసెట్: ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారేటప్పుడు గుండె ఆకారాలు, నక్షత్రాలు, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. పెళ్లి శబ్దం అందులో ఉండదు. రెండోది కెమెరాలో తిరిగిన అసలు క్యాసెట్. అది ఎక్కువగా స్టూడియోలోనే ఉండిపోయేది, లేదా దాని మీదే ఇంకో పెళ్లి తీసేసేవాళ్లు. మేం తెచ్చుకున్నవాటిలో మాకు పనికొచ్చింది ఆ రెండో రకమే. పాటలున్న ఏ ముక్కా వాడలేదు. వాటి హక్కులు మ్యూజిక్ కంపెనీలవి. హక్కులు ఉచితంగా ఇస్తామన్నా వాడేవాణ్ణి కాదు, పాట వచ్చిందంటే చూసేవాడి మనసు పెళ్లికూతురి వైపే పోతుంది.

ఆ అసలు క్యాసెట్లలో ఒక శబ్దం మమ్మల్ని పట్టేసింది. ఆ కెమెరాల మైకులో ఆటో గెయిన్ ఉంటుంది. చుట్టూ గోలగా ఉంటే తనే తగ్గించుకుంటుంది, నిశ్శబ్దం రాగానే మెల్లగా పెంచుకుంటుంది. మాంగల్యధారణకు గట్టిమేళం మోగినంతసేపూ శబ్దం అణిగి, పగిలి ఉంటుంది. మేళం ఆగిన తర్వాత కొద్ది సెకన్లలో గెయిన్ పైకి లేస్తుంది. అప్పుడు పెళ్లిపందిట్లో ఎవరూ పట్టించుకోని శబ్దాలన్నీ పైకి వస్తాయి. వెనక ఎక్కడో గిన్నె గిన్నెకు తగలడం, “నీళ్లు పట్రా” అన్న ఒక కేక, లైటు పట్టుకున్నవాడి దగ్గు. మేం ఎన్ని క్యాసెట్లు విన్నా ఆ చోటు దొరికింది. కవిత అక్కడే మొదలుపెట్టాం. ఆ లేచే శబ్దంలో, ఆ గిన్నెల చప్పుడు మీద ఆమె గొంతు వస్తుంది. విడిగా సంగీతం ఏమీ లేదు.

కవిత మొదటి ప్రతి నాలుగు పేజీలు. చెమట, వైర్లు, వేడి, పట్టుచీరల మెరుపు అన్నీ ఉన్నాయి. బాగా రాసింది. కానీ తెర మీద చెమట కనపడుతున్నప్పుడు చెమట అని వినపడితే రెండూ బలహీనపడతాయి. ఇద్దరం కూర్చుని తెర చూపించగలిగిన ప్రతి వాక్యాన్నీ కొట్టేశాం. తెర చూపించలేనివి మిగిలాయి: ఇంటికొచ్చి కళ్లు మూసుకున్నా అన్నయ్యకు తెల్లటి గుండ్రం కనపడేదని, అమ్మ అతని చేతికి వెన్న రాసేదని, అతను ఏ పెళ్లిలోనూ మొదటి బంతిలో కూర్చోలేదని. చివరకు ఒక పేజీ కన్నా తక్కువ.

ఒక చరణం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఆమె ముందు రాసింది ఇలా: “ఎవరి పెళ్లిలోనో మా అన్న చెయ్యి కాలింది.” క్రియ చివర వచ్చింది కాబట్టి చెవి ‘కాలింది’ దాకా ఆగుతుంది. కానీ ‘చెయ్యి’ అనగానే తెర మీద చెయ్యి కావాలి, తీరా అది వచ్చాక ఇంకో మాట మిగిలిపోయి ఉంటుంది. కట్ ఎక్కడ పెట్టినా కుంటింది. ఆమె రెండుసార్లు పైకి చదువుకుని, మాట్లాడేటప్పుడు అనేలా తిప్పేసింది:

ఎవరి పెళ్లో గాని
కాలింది మా అన్న చెయ్యి.
వెలుగు నీ చేతిలోంచి పోతుంది
నీ మీద పడదు.

ఇప్పుడు ‘కాలింది’ అన్నప్పుడు తెర మీద దంపతులే ఉంటారు, వాళ్ల మీద తెల్లటి వెలుగు. ‘చెయ్యి’ దగ్గర కట్, తువ్వాలు చుట్టిన మోచెయ్యి. మన భాషలో మాటల వరసను కదిపే వీలుంది కాబట్టి ఎడిటర్, కవి ఒకే గదిలో కూర్చుంటే ఇలాంటివి చాలా సాధించొచ్చు. కవిత పూర్తిచేసి పంపిస్తే బొమ్మలు పెడతాననే పద్ధతిలో ఇది దొరకదు.

చదవడం గురించి ఒక మాట. కవిసమ్మేళనాల అలవాటు కొద్దీ ఆమె ప్రతి రెండో పాదాన్నీ తిరిగి చదివేది. ఎదురుగా జనం ఉన్నప్పుడు అది అందం. మైకులోంచి గొంతు నేరుగా చెవిలో పడుతున్నప్పుడు బరువు. షాట్ కూడా రెండోసారి వచ్చే ఒక్క చోట మాత్రం తిరిగి చదివించాం. మైకు మూతికి జానెడు దూరంలో, కాస్త పక్కకు. గోడలకు బొంతలు, పరుపులు. ఫ్యాన్ ఆపేసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేశాం. బెజవాడలో రైలు కూత లేని రాత్రి ఉండదు. ఒక కూత సరిగ్గా ఒక పాదం అయిపోయాక వచ్చింది, దాన్ని ఉంచేశాం.

ఎవరిని అడగాలి

1957 కాపీరైట్ చట్టం 17(బి) ప్రకారం, డబ్బిచ్చి ఎవరైతే వీడియో తీయించుకున్నారో, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వాళ్లే. తీసినవాడు కాదు. ఇది చాలామందికి తెలియదు. స్టూడియోవాళ్లు ఒప్పుకుంటే చాలనుకుంటారు. మేం నాలుగు కుటుంబాల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. ఏ ముక్కలు వాడబోతున్నామో ఫోన్‌లో చూపించి మరీ అడిగాం. ఒక పెద్దాయనకు మా ఉద్దేశం అర్థం కావడానికి సమయం పట్టింది. “మా అమ్మాయి పెళ్లిలో మా అమ్మాయిని వదిలేసి ఎవర్నో వెతుకుతారేంటి బాబూ?” అన్నారు. తర్వాత ఆయనే వంటమేస్త్రిని గుర్తుపట్టి ఊరు చెప్పారు.

అయిదో కుటుంబంలో తండ్రి సంతకం పెట్టారు. చట్టం లెక్కన అది సరిపోతుంది. పెళ్లికూతురిని కూడా అడిగితే ఆమె వద్దంది. ఆ పెళ్లి నిలవలేదు. ఆ క్యాసెట్ మొత్తం తీసేశాం. అందులో మంచి షాట్లుండేవి, అయినా ఆ నిర్ణయానికి క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేదు.

కానీ మా సినిమా వీళ్ల గురించి కాదు కదా. అంచుల్లో ఉన్నవాళ్లు వీడియో తీయించుకోలేదు, తీయమని అడగలేదు, వాళ్లకు చట్టంలో ఆ క్యాసెట్ మీద హక్కు లేదు. వాళ్ల ముఖాన్ని తెర మధ్యకు తెస్తున్నది మేం. కాబట్టి వాళ్లను వెతకడం మా బాధ్యత అనుకున్నాం. ముఖాల స్టిల్స్ పట్టుకుని కేటరింగ్ మేస్త్రీలను, షామియానా సప్లయర్లను, మూతపడ్డ వీడియో స్టూడియోలవాళ్లను కలిశాం. వంటమేస్త్రి దొరికాడు. వయసు మీద పడినా ఇంకా పెళ్లిళ్లకు వెళ్తున్నాడు. స్టిల్ చూసి, “నా మొహం ఎందుకయ్యా, ఆ గుండిగ చూపించు. పులిహోర ఎట్టా కలిపానో చూడు” అన్నాడు. ఆ షాట్‌లో ఇప్పుడు గుండిగే ఎక్కువసేపు ఉంటుంది.

దొరకనివాళ్ల విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం. ఆ షాట్‌ను నెమ్మది చేయకూడదు, తిరిగి చూపించకూడదు, చుట్టూ చీకటి చేసి వాళ్లను విడదీయకూడదు. క్యాసెట్‌లో ఎంతసేపు, ఎంత వేగంగా ఉన్నారో అంతే. ఒప్పుకున్నవాళ్ల ముఖం మీదే మా చెయ్యి పడాలి. దీనివల్ల సినిమా లయ కొన్నిచోట్ల తెగుతుంది. నెమ్మదిగా సాగుతున్న షాట్ల మధ్య ఒకటి చటుక్కున వచ్చి వెళ్లిపోతుంది. ఎడిటింగ్ తెలిసిన మిత్రులు అది సరిచేయమన్నారు. అది సరిచేస్తే నియమం పోతుంది, అందుకని ఒప్పుకోలేదు.

అన్నయ్య సంగతి. రెండు క్యాసెట్లలో లైటు పట్టుకున్నది తనేనని అతను గుర్తుపట్టాడు. మోచెయ్యి షాట్ మాత్రం తనది కాదన్నాడు. ఆ తువ్వాలు చుట్టే పద్ధతి వేరే కుర్రాడిదట. కవితలో ‘మా అన్న చెయ్యి’ అన్నచోట కనపడేది ఇంకొకరి చెయ్యి. కవయిత్రి ఆలోచించి, పాదం మార్చనంది. “వాళ్లందర్నీ అన్నా అనే పిలిచేదాన్ని” అంది. అన్నయ్య కూడా సరేనన్నాడు.

మొదటి ప్రదర్శన సింగ్ నగర్‌లో ఒక డాబా మీద పెట్టాం. కుటుంబాలూ, పనిచేసినవాళ్లూ వచ్చారు. చీకటి చేసిన భాగంలో ఏముందో తెలిసినవాళ్లు వాళ్లు మాత్రమే. “అక్కడ మా పెద్దమ్మ కూర్చుంది” అని ఒకావిడ చీకటివైపు చూపించి పక్కావిడకు చెబుతూ కూర్చుంది. ఎవరి పెళ్లి క్యాసెట్ మొత్తాన్ని వాళ్లకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం. అసలు క్యాసెట్లు వద్దన్నవాళ్లవి నా దగ్గరే ఉన్నాయి, నిలువుగా, సిలికా జెల్ వేసిన పెట్టెలో. టైటిల్స్‌లో ‘లైటు’, ‘వంట’ అన్న పేర్లు ‘దర్శకత్వం’ కన్నా ముందు పడతాయి.

ఆ డాబా మీదే అన్నయ్య అప్పగింతల షాట్‌లో వైరు చుట్టుకుంటున్న కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. ఇప్పుడు గుడివాడలో ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తున్నాడని కనుక్కున్నాం. వెళ్లి చూపించాం. తన పెళ్లికి వీడియో తీయించుకోలేదని, ఆ వయసులో తన బొమ్మ ఇదొక్కటేనని చెప్పి, ఎలా కావాలంటే అలా వాడుకోమన్నాడు. ఆ షాట్ మొదటి కాపీలో మామూలు వేగంతో వచ్చి వెళ్లిపోయేది. ఇప్పుడు ఫెస్టివల్స్‌కు పంపుతున్న కాపీలో సగం వేగంతో నడుస్తుంది, దాని కోసం చివరి చరణాన్ని కొంచెం వెనక్కి జరిపాం. అంట్లు తోమే ఇద్దరి ఆచూకీ ఇంకా తెలియలేదు. వాళ్ల స్టిల్స్ వంటమేస్త్రి దగ్గర ఇచ్చి ఉంచాం, ఒప్పుకుంటే ఆ షాట్లు కూడా మారతాయి.